పన్నెండు శాతం అంటే ఎంత?

ఇంట్లో ఒకరు హెల్త్ చెకప్ చేయించుకున్నారు. షుగరు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్... పేజీలకు పేజీల రిపోర్టు వచ్చింది. చిట్టచివర ఒక వాక్యం: 'రానున్న పదేళ్లలో గుండెజబ్బు వచ్చే ముప్పు 12 శాతం'. ఇక ఇంట్లో చర్చ మొదలు. 'పన్నెండేగా! నూటికి ఎనభై ఎనిమిది మార్కులతో పాసైనట్టే' అని రిపోర్టు తాలూకు పెద్దమనిషి దర్జాగా కాలుమీద కాలేసుకుంటారు. 'అమ్మో, పన్నెండా!' అంటూ ఆయన శ్రీమతి వంటింట్లోకెళ్లి ఆవకాయ జాడీని అటకెక్కించేస్తారు. 'ఈ మిషన్లకేం తెలుసర్రా! మా నాన్న రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చి తొంభై ఏళ్లు బతికాడు' అని తాతయ్య తీర్పు చెప్పేస్తారు.

ముగ్గురూ చూసింది ఒకే అంకె. ముగ్గురికీ మూడు రకాలుగా అర్థమైంది. పూర్తిగా మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. తప్పు వాళ్లది కాదు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎలా పుట్టిందో రిపోర్టులో ఎవరూ రాయరు కదా!

నిజానికి రక్తపు చుక్కను చూసి పదేళ్ల తర్వాతి సంగతి చెప్పే యంత్రం ఏదీ లేదు. యంత్రం చెప్పేది ఇవాళ్టి కొలెస్ట్రాల్ ఎంతో అంతవరకే. ఆ కొలెస్ట్రాల్ ఉన్న మనిషికి రేపు ఏమవుతుందో తెలియాలంటే ఒక్కటే దారి. అలాంటి మనుషులు కొన్నివేలమందిని ఎంచుకుని, ఏళ్ల తరబడి వాళ్ల వెంట నడిచి, ఎవరికి ఏమైందో ఓపిగ్గా రాసుకోవాలి. అలా నడిచినవాళ్లున్నారు. ఆ కథ ఒక దేశాధ్యక్షుడి మరణంతో మొదలైంది.

అధ్యక్షుడి బీపీ 300

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్... రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అధ్యక్షుడు. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూన్ అనే గుండె డాక్టరు ఆయన్ని పరీక్షిస్తే బీపీ 186/108 ఉంది. గుండె పెద్దదైంది. కానీ ప్రజలకు మాత్రం 'అధ్యక్షులవారు భేషుగ్గా ఉన్నారు' అనే చెప్పారు. బీపీని సమర్థంగా తగ్గించే మందులూ అప్పటికి లేవు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి ఆయన కుప్పకూలారు. ఆ రోజు బీపీ 300/190. వయసు 63.

ఇవాళ ఆ అంకెలు వింటే మనకే గుండె దడదడలాడుతుంది. అప్పటి వైద్యులకు అంత కంగారు లేదు. వయసుతోపాటు బీపీ పెరగడం సహజమేననీ, బిరుసెక్కిన రక్తనాళాల్లోంచి రక్తం పారాలంటే ఆమాత్రం ఒత్తిడి అవసరమనీ చాలామంది నమ్మేవారు. 'వయసుకి వంద కలుపుకోండి, అంత ఉండొచ్చు' అనే లెక్క మన పెద్దవాళ్లూ వినే ఉంటారు. ఆ నమ్మకం తప్పని ఎవరు చెప్పాలి? చెప్పాలంటే రుజువు కావాలి. రుజువు కావాలంటే లెక్క కావాలి.

1948 జూన్‌లో ట్రూమన్ ప్రభుత్వం జాతీయ హృద్రోగ చట్టం తెచ్చింది. ఆ ఏడాదే బోస్టన్ నగరానికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో పని మొదలైంది. అక్కడి జనాభా దాదాపు 28 వేలు. అంతకుముందు 1917 నుంచి కొన్నేళ్లపాటు అదే ఊళ్లో క్షయ వ్యాధిమీద పెద్ద కార్యక్రమం జరిగింది. కాబట్టి పరీక్షలకు పిలిస్తే రావడం ఆ ఊరివాళ్లకు కొత్తకాదు. 30 నుంచి 62 ఏళ్ల మధ్య వయసున్న 5,209 మంది ఆడవాళ్లూ మగవాళ్లూ పేర్లిచ్చారు. రెండేళ్లకోసారి వచ్చి ఒళ్లంతా పరీక్ష చేయించుకోవాలి. వైద్యం చేయరు. చూస్తారు, రాసుకుంటారు, అంతే!

ముందు రాసుకో... తర్వాత చూడు

ఇందులో కిటుకేమిటంటే, జబ్బు రాకముందే అన్నీ రాసిపెట్టుకోవడం. గుండెపోటు వచ్చినవాణ్ని ఆస్పత్రిలో పలకరించి 'ఇదెందుకొచ్చింది బాబూ' అంటే ఏం చెబుతాడు? మొన్న కొడుకుతో పడ్డ గొడవ అంటాడు, నిన్న తిన్న వేటమాంసం అంటాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆస్పత్రి దాకా రాకుండానే పోయినవాళ్లను అడిగేదెవరు? అందుకే మనిషి నిక్షేపంగా ఉన్నప్పుడే బీపీ, బరువు, రక్తం, పొగతాగే అలవాటు అన్నీ నమోదు చేసి, తర్వాత ఎవరికేమైందో చూస్తారు. దీన్నే కోహార్ట్ అధ్యయనం అంటారు. రోమన్ సైన్యంలో ఒక దళం పేరు కోహార్ట్. ఆ సైనికుల్లాగే అంతా ఒకేసారి బయల్దేరతారు. దారిలో ఎవరు పడిపోయారు, ఎవరు చివరిదాకా నడిచారు అన్నదే లెక్క.

తొమ్మిదేళ్లు గడిచేసరికి, 1957లో, ఫలితాలు రావడం మొదలైంది. బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకే గుండెజబ్బులు ఎక్కువగా వస్తున్నాయి. 'వయసుకి వంద' లెక్క బీటలువారింది. 1961లో ఆ బృందం ఒక పరిశోధన పత్రం రాసి, దాని పేరులో 'ఫ్యాక్టర్స్ ఆఫ్ రిస్క్' అన్న మాట వాడింది. ఇవాళ ప్రతి డాక్టరు నోటా వినిపించే 'రిస్క్ ఫ్యాక్టర్' ప్రచారంలోకి వచ్చింది అక్కడినుంచే. దీని వెనకున్న పెద్దలు థామస్ డాబర్, విలియం కాన్నెల్.

మధ్యలో ఒక గండం కూడా వచ్చింది. తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది కదా అని 1960ల చివర్లో ప్రభుత్వం నిధులు ఆపేయబోయింది. విరాళాలతో, బోస్టన్ విశ్వవిద్యాలయం అండతో అది గట్టెక్కింది. 1971లో మొదటి తరంవారి పిల్లలు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 5,124 మంది చేరారు. 2002లో మనవల తరం మొదలైంది. మొదటి తరంవారిలో దాదాపు అందరూ వెళ్లిపోయారు. వాళ్ల బీపీ, వాళ్ల కొలెస్ట్రాల్, వాళ్ల మరణ కారణం మాత్రం ఉన్నాయి. మన రిపోర్టులోని అంకెకు పునాది అలాంటివాళ్లు ఇచ్చిన లెక్కలే.

నూరుగురిలో మీరొకరు

అంకె ఎలా కడతారంటే... మీ వయసు, మీరు ఆడా మగా, బీపీ, కొలెస్ట్రాల్, షుగరు ఉందా, సిగరెట్ తాగుతారా అని చూస్తారు. ఈ వివరాలన్నీ మీలాగే ఉన్నవాళ్లలో పదేళ్లలో నూటికి ఎంతమందికి గుండెజబ్బు వచ్చిందో అధ్యయనం చెబుతుంది. ఒక్కో అంశానికీ ఎంత బరువివ్వాలో గణితం తేలుస్తుంది. ఆ గణితానికి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే గణాంక నిపుణుడు.

కాబట్టి 12 శాతం అంటే మీ గుండె పన్నెండొంతులు పాడైందని కాదు. మీలాంటివాళ్లు నూరుమంది వరుసలో నిలబడితే, పదేళ్లలో సుమారు పన్నెండుమందికి గుండెజబ్బు వస్తుంది, ఎనభై ఎనిమిదిమందికి రాదు. ఆ పన్నెండుమంది ఎవరన్నది వరుసలో ఎవరికీ తెలియదు, లెక్క కట్టినవాళ్లకీ తెలియదు. ఆ నూరుమందీ బీపీ తగ్గించుకుని, సిగరెట్లు మానేసి, పన్నెండు కాస్తా ఎనిమిదికి దిగిందనుకుందాం. నాలుగు కుటుంబాలు బతికిపోయినట్టు! 'ఆ నాలుగింట్లో మాది ఒకటి' అని మాత్రం ఎవరూ చెప్పలేరు. రాకుండా ఆగిపోయిన గుండెపోటు ఎవరికీ కనబడదు కదా. బీపీ మాత్ర వేసుకోవాలంటే మనకు అంత బద్ధకం అందుకేనేమో!

మరి బీడీల తాతగారి సంగతి?

తాతయ్య వాదన మిగిలిపోయింది. దానికి జవాబు ఇంగ్లండులో దొరుకుతుంది. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్ డాక్టర్లందరికీ ఉత్తరాలు రాశారు. 'మీరు పొగ తాగుతారా, ఎంత?' అని నాలుగు ప్రశ్నలు. జవాబిచ్చినవాళ్లలో 34,439 మంది మగ డాక్టర్ల జీవితాలను యాభై ఏళ్లపాటు వెంబడించారు. 2004లో తుది లెక్క చెప్పారు. సిగరెట్లు తాగుతూనే ఉన్నవాళ్లు, అసలు తాగనివాళ్లకంటే సగటున పదేళ్ల ముందే చనిపోయారు. సంతోషించాల్సిన సంగతీ ఉంది. అరవై ఏళ్లకు మానేసినవాళ్లు మూడేళ్లు, యాభైకి మానినవాళ్లు ఆరేళ్లు, నలభైకి మానినవాళ్లు తొమ్మిదేళ్లు తిరిగి సంపాదించుకున్నారు. ముప్ఫైకే మానినవాళ్లకు దాదాపు ఆ పదేళ్లూ దక్కాయి.

తొంభై ఏళ్లు బతికిన బీడీల తాతగారు అబద్ధం కాదు. నూరుమందిలో అలాంటివారు ఉంటారు. ఆయన కథ చెప్పడానికి కొడుకులు, మనవలు ఉన్నారు. నలభై అయిదుకే పోయినాయన గురించి చెప్పడానికి ఎవరు మిగిలారు? కోహార్ట్ చేసే గొప్ప పని అదే. మిగిలినవాళ్లతోపాటు పోయినవాళ్లనూ లెక్కలో ఉంచుతుంది.

ఊరివాళ్ల కొలత మనకు సరిపోతుందా?

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఫ్రామింగ్‌హామ్ మొదటి తరం దాదాపు అంతా తెల్లజాతివారు. అదీ అమెరికాలో గుండెజబ్బులు జోరుగా ఉన్న కాలం. ఒకరి ఒంటికి కుట్టిన చొక్కా ఇంకొకరికి పట్టాలని ఎక్కడుంది? ఆ సూత్రాన్ని బ్రిటన్‌లో ఆరువేలకు పైగా మగవాళ్ల మీద ప్రయోగించి చూసి 2003లో ఫలితాలు ప్రకటించారు. నిజంగా వచ్చిన గుండెజబ్బుల కంటే సూత్రం చెప్పినవి 57 శాతం ఎక్కువ. లేనిపోని భయం పెట్టిందన్నమాట.

మన విషయంలో భయం ఇంకో రకం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం లెక్కల్లో, మొదటిసారి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు దక్షిణాసియాలో 53 ఏళ్లు, మిగతాచోట్ల 59కి కాస్త తక్కువ. అంటే మనవాళ్లకు దాదాపు ఆరేళ్లు ముందే వస్తోంది. పిల్లలు చదువుల్లో ఉండగా, ఇంటి అప్పు తీరకుండానే! అందుకే లెక్క మనల్ని చూసి కట్టాలి. బ్రిటన్‌లో 2008లో వచ్చిన 'క్యూరిస్క్ 2' సూత్రం భారత, పాకిస్థాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్లకు విడివిడిగా లెక్క కట్టింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచాన్ని 21 ప్రాంతాలుగా విడదీసి, దక్షిణాసియాకు వేరే పట్టికలిచ్చింది. రక్తపరీక్ష వీలుకాని చోట కొలెస్ట్రాల్ బదులు ఎత్తు, బరువులతో లెక్కగట్టే పట్టికా వాటిలో ఉంది. పల్లెటూళ్లలో బీపీ మిషను, తూకం, టేపు ఉంటే చాలు.

గోదావరి పల్లెలు... ఒక ప్లేటు ఉప్మా

మన గడ్డమీద ఇలాంటి లెక్కలు తీసినవాళ్లు లేరా? ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, లక్షా ఎనభైవేల జనాభాలో ఏడాదిపాటు జరిగిన మరణాలను నమోదు చేశారు. మన ఊళ్లలో ఎవరైనా పోతే 'ముసలాయన, కాలం తీరింది' అంటాం. కారణం కాగితమ్మీదకు రాదు. అందుకని శిక్షణ పొందినవాళ్లు ఇంటింటికీ వెళ్లి, చివరి రోజుల్లో ఆయాసం ఉందా, ఛాతీ నొప్పి వచ్చిందా, కాలూచెయ్యీ పడిపోయాయా అని ఇంట్లోవాళ్లను అడిగి కారణం నిర్ధారించారు. తేలిందేమిటి? మొత్తం 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. అంటురోగాలవల్ల పోయినవాళ్లు 12 శాతం. గుండెజబ్బు పట్నవాసపు డబ్బున్నవాళ్లదనుకునే రోజుల్లో, పచ్చటి పొలాల మధ్యనుంచి వచ్చిన లెక్క ఇది!

ఇంకో కథ హైదరాబాద్ శివార్లలోని పల్లెలది. 1987 నుంచి 1990 వరకు 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా. మిగతా గ్రామాలకు ఆ పథకం అప్పటికి ఇంకా రాలేదు. పదిహేనేళ్లు గడిచాక, 2003-05లో పరిశోధకులు మళ్లీ వెళ్లారు. అప్పటి పసివాళ్లు 13 నుంచి 18 ఏళ్లవాళ్లయ్యారు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా పెట్టిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. అంతకంటే ముఖ్యంగా, రాబోయే షుగరు వ్యాధికి సూచన అయిన ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో తక్కువ. రక్తనాళాల బిరుసూ తక్కువే. గుండె సంగతి గుండెపోటు రోజున కాదు, అమ్మ కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుందనడానికి మన పల్లె పిల్లలిచ్చిన ఆధారమిది. తర్వాత వాళ్ల అమ్మానాన్నలనూ చేర్చుకుని ఆ అధ్యయనాన్ని ముందుకు నడిపారు.

అంకె మాటలన్నీ వేదం కాదు

కోహార్ట్‌కీ పరిమితులున్నాయి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కానక్కర్లేదు. నెలసరి ఆగిపోయాక హార్మోన్ మాత్రలు వాడే మహిళలకు గుండెజబ్బులు తక్కువని అమెరికా నర్సులమీద జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. లక్షలమంది వాడారు. తీరా కొందరికి మాత్రలిచ్చి, కొందరికి ఉత్తుత్తి బిళ్లలిచ్చి పరీక్షిస్తే 2002లో కథ తిరగబడింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలతో గుండెజబ్బులు, రొమ్ము క్యాన్సర్లు పెరిగాయని తేలి ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ మాత్రలు వాడినవాళ్లు మొదట్నుంచీ చదువూ, డబ్బూ, ఆరోగ్యంపై శ్రద్ధా ఉన్నవాళ్లు కావడం ఆ తికమకకు ఒక కారణం.

ఇంకొకటి. పదేళ్ల ముప్పు లెక్కలో వయసుదే పెద్దపీట. ముప్ఫై అయిదేళ్ల కుర్రాడు సిగరెట్లు కాల్చినా, బీపీ ఉన్నా 'రెండు శాతమే' అని రావచ్చు. దాంతో వాడికి ధీమా! అందుకే జీవితకాలపు ముప్పును కూడా చూడాలంటారు. ఫ్రామింగ్‌హామ్ వాళ్లే 2006లో ఆ లెక్క చెప్పారు. యాభయ్యో ఏట అన్నీ సవ్యంగా ఉన్న మగవాళ్లలో 95 ఏళ్లలోపు గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం 5 శాతం. రెండు లేదా అంతకు మించి పెద్ద లోపాలుంటే 69 శాతం. ఆడవాళ్లలో అయితే 8 శాతం, 50 శాతం.

'ఫలానాది తింటే ముప్పు రెట్టింపు' అనే వార్తలు చదివినప్పుడూ ఒక్క క్షణం ఆగాలి. ఎంతకు రెట్టింపు? వెయ్యిమందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వచ్చినా రెట్టింపే, నూటికి ఇరవై నలభై అయినా రెట్టింపే. మొదటిదానికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

డాక్టరుగారిని ఏమడగాలి?

రిపోర్టులో అలాంటి అంకె కనిపిస్తే నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

ఇది ఎన్నేళ్లకు, దేనికి? గుండెపోటుకేనా, పక్షవాతం కూడా కలిపా?

ఏ పట్టికతో కట్టారు? అది దక్షిణాసియావాళ్లకు సరిపోయేదేనా?

మా నాన్నకో అన్నకో 55 ఏళ్లలోపే, అమ్మకో అక్కకో 65 లోపే గుండెజబ్బు వచ్చింది. అది ఈ లెక్కలో చేరిందా? (చాలా సూత్రాల్లో చేరదు. చిన్నవయసులోనే గుండెజబ్బు వచ్చిన తల్లిదండ్రుల పిల్లలకు ముప్పు ఎక్కువని ఫ్రామింగ్‌హామ్ రెండో తరమే తేల్చింది.)

ఇందులో నేను మార్చుకోగలిగింది ఎంత? సిగరెట్ మానితే, బీపీ అదుపులో ఉంటే ఈ అంకె ఎంతకు దిగుతుంది? వయసును వెనక్కి తిప్పలేం. మిగతావాటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ వేయించుకున్నవాళ్లకు మాత్రం ఈ పట్టికలు పనికిరావు. వాళ్లు అంకెతో పనిలేకుండా మందులు వాడాల్సిందే. అంకె తక్కువొచ్చిందని ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకూడదు కూడా.

ఇంకో చిన్న పని. ఇంట్లో పాలవాడి లెక్కకు, చాకలి పద్దుకు పుస్తకం పెడతాం. ఒక రెండు రూళ్ల నోట్‌బుక్ ఒంటి లెక్కకూ పెట్టండి. బీపీ చూపించుకున్న ప్రతిసారీ తేదీ వేసి రాయండి. తాతయ్య, నానమ్మ, పెద్దనాన్న, మేనత్త ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో తెలిసినంతవరకు పెద్దవాళ్లనడిగి రాసిపెట్టండి. ఆ సంగతులు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని అయిపోవాలి. రేపు మీ పిల్లల్ని డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

అన్నట్టు, ఆవకాయ జాడీని మరీ అటకమీదే ఉంచనక్కర్లేదు. అన్నంలో గరిటెడు బదులు చెంచాడు వేసుకుంటే చాలు. సిగరెట్ పెట్టెకు మాత్రం ఆ మినహాయింపు లేదు.